అట్టపెట్టెలోని బాల్యము

పిల్లలున్న ప్రతి ఇంటిలోను ఒక చిన్న పెట్టె ఉండును. పెద్దల కంటికి అందులోనిది చెత్త. పిల్లల కంటికి అది పెన్నిధి. తెలుగునాట ఒకప్పుడు బాలురు వీధులలో పారవేసిన అగ్గిపెట్టెలను ఏరి, వాని పైనున్న బొమ్మకాగితములను మెల్లగా ఊడదీసి దాచుకొనుచుండిరి. కొందరు తపాలా బిళ్ళలను, మరికొందరు రంగురంగుల గోలీలను కూడబెట్టుచుండిరి. "నీయొద్ద పులిబొమ్మలు రెండున్నవి కదా! ఒకటి నాకిమ్ము, నా ఏనుగుబొమ్మ తీసికొనుము" అని వారు చేయు బేరములు సంతలోని పెద్దల బేరములకు తీసిపోవు.

సముద్రములకు ఆవల, అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ఇట్టి పెట్టెలో దాచుకొను వస్తువు వేరు. అది బేస్‌బాల్ ఆటగాండ్ర చిత్రములు ముద్రించిన చిన్న అట్టముక్క. దానిని ఆ దేశమువారు బేస్‌బాల్ కార్డు అందురు. డెబ్బది ఏండ్లు దాటిన వృద్ధులు సహితము ఆ కార్డుల మాట వచ్చినచో క్షణకాలము బాలురగుదురు. చిన్ననాట పోగొట్టుకొన్న కార్డును మరల సంపాదించుటకు వేలకొలది డాలర్లు వెచ్చించువారును కలరు. ఒక అట్టముక్కకు ఇంతటి ఆకర్షణ ఎట్లు కలిగెను? ఆ కథ తెలిసికొనదగినది.

బేస్‌బాల్ అమెరికనులకు, క్రికెట్ మనకెట్టిదో అట్టిది. ఒక్కొక్క పక్షమున తొమ్మండుగురు ఆటగాండ్రుందురు. ఒకడు బంతిని విసరగా ఎదుటి పక్షమువాడు గుండ్రని కర్రతో దానిని కొట్టును. మైదానములో నలుమూలల అమర్చిన నాలుగు స్థానములను చుట్టి వచ్చినచో అతని పక్షమునకు ఒక పరుగు లభించును. ఆ స్థానములకే ఆంగ్లమున 'బేస్' అని పేరు. వసంతకాలమున మొదలైన పోటీలు శరత్కాలము వరకు సాగును. ఆ నెలలన్నియు అమెరికా బాలుర మనస్సు మైదానములోనే ఉండును.

ఆటగాండ్ర బొమ్మలను అట్టముక్కలపై ముద్రించుట పిల్లల కొరకు మొదలుకాలేదు. 1880 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని సిగరెట్టు కంపెనీలు తమ పెట్టెలలో ఒక గట్టి అట్టముక్కను ఉంచసాగెను. పలుచని కాగితపు పెట్టెలో సిగరెట్లు నలిగిపోకుండ కాపాడుట దాని మొదటి పని. ఆ అట్ట మీద పక్షులు, జెండాలు, నటీమణులు, ఆటగాండ్రు మొదలగువారి చిత్రములను ముద్రించినచో కొనినవాడు మరల మరల కొనునని వర్తకులు గ్రహించిరి. పొగ పెద్దల పాలయ్యెను. బొమ్మ పిల్లల చేతికి చేరెను.

ఈ పొగాకు కార్డులలో ప్రసిద్ధమైనది 1909 మొదలు 1911 వరకు వెలువడిన వరుస. అందు పిట్స్‌బర్గ్ పక్షమునకు చెందిన హోనస్ వాగ్నర్ బొమ్మ ఉండవలసియుండెను. ఆయన ఆ కాలపు ఆటగాండ్రలో అగ్రగణ్యుడు. కాని పొగాకు పెట్టెలలో తన బొమ్మ ఉంచుటకు ఆయన సమ్మతింపలేదు. తన బొమ్మ కొరకు పసివారు పొగాకు కొనుట ఆయనకు ఇష్టము లేదని పలువురు చెప్పుదురు. కంపెనీ ఆ బొమ్మ ముద్రణను నిలిపివేసెను. అప్పటికే వెలువడిన కార్డులు మాత్రము లోకమున మిగిలెను. నేడు తెలియవచ్చినవి కొన్ని పదులు మాత్రమే. వానిలో ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయెను.

తరువాత బొమ్మలు పొగాకును వీడి మిఠాయిని ఆశ్రయించెను. 1933లో బోస్టన్ నగరములోని గౌడీ కంపెనీ నమిలెడు గమ్ముతోపాటు కార్డులను అమ్మెను. అమెరికా అంతటను పనులు లేక జనులు అలమటించుచున్న కాలమది. అయినను ఒక సెంటు నాణెము దొరికిన బాలుడు అంగడికి పరుగెత్తుచుండెను. ఆ వరుసలోని కార్డులకు 1 నుండి 240 వరకు సంఖ్యలు వేసిరి. బాలురు ఎంత గమ్ము కొన్నను 106వ కార్డు మాత్రము ఎవ్వరికిని దొరకలేదు. ఏలయన, కంపెనీ ఆ సంఖ్యతో కార్డు ముద్రింపనేలేదు! ఆ ఒక్క వెలితిని పూరించుకొనుటకై పిల్లలు కొనుచునే ఉందురని వారి యెత్తుగడ. పిల్లలు ఊరుకొనలేదు, కంపెనీకి ఉత్తరములు వ్రాసిరి. తుదకు 1934లో కంపెనీ 106వ సంఖ్యతో లాజోయి అను ఆటగాని కార్డును ముద్రించి, అడిగినవారికి తపాలాలో పంపవలసి వచ్చెను. చిన్నవారి కోర్కెతో వ్యాపారము చేయువారు ఆనాడే పుట్టిరి. వారిని నిలదీసిన చిన్నవారును ఆనాడే పుట్టిరి.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున కాగితము కరవై కార్డులు ఆగిపోయెను. యుద్ధము ముగిసిన పిమ్మట అవి మరల వెలువడెను. న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ ప్రాంతమున టాప్స్ అను గమ్ము కంపెనీ ఉండెను. అందు పని చేయు సై బర్జర్ అను యువకుడు 1951 శరత్కాలమున తన ఇంటి వంటగది బల్ల ముందు కూర్చుండి, కత్తెరతో అట్టలు కత్తిరించి ఒక క్రొత్త రూపమును కల్పించెను. ముందువైపున ఆటగాని రంగుల చిత్రము, పేరు, చేవ్రాలు, అతని పక్షపు చిహ్నము. వెనుకవైపున అతని ఎత్తు, బరువు, పుట్టిన ఊరు, ఆటలో సాధించిన లెక్కలు. 1952లో ఈ రూపముతో 407 కార్డులు వెలువడెను. ఒక్క ముక్క చూచినచో ఒక మనిషి జీవితము కన్నులకు కట్టునట్లుండెను. తరువాత వచ్చిన కార్డులన్నిటికిని ఇదే ఒరవడి అయ్యెను.

ఆనాటి బాలుని ఆనందమును ఊహించుకొనవచ్చును. చేతిలో ఐదు సెంట్ల నాణెము. అంగడివాని బల్లపై మైనపు కాగితము చుట్టిన చిన్న పొట్లములు. ఏ పొట్లములో ఎవరున్నారో అంగడివానికిని తెలియదు. బాలుడు ఒకటి ఎన్నుకొని, మెట్టు మీద కూర్చుండి, కాగితము విప్పును. తెల్లని పొడి చల్లిన గులాబిరంగు గమ్ముపలక, దాని తీపి వాసన పట్టిన కార్డులు బయటపడును. గమ్ము నోటిలోనికి పోవును. కన్నులు కార్డుల మీదికి పోవును. "ఇది ఉన్నది... ఇది ఉన్నది... ఇది లేదు!" ఆ 'లేదు' అను మాటలోనే సంతోషమంతయు ఇమిడియుండెను. తనయొద్ద లేనిది దొరకుటకంటె వేరు భాగ్యము ఆ వయస్సున లేదు.

రెండేసి ఉన్న కార్డులతో బేరములు సాగెడివి. ఒక గొప్ప ఆటగానికి బదులు ముగ్గురు సామాన్యులను ఇచ్చుట మర్యాద. కార్డులతో పందెములును ఆడెడివారు. గోడ వైపు కార్డులు విసరగా ఎవని కార్డు గోడకు దగ్గరగా పడునో వానికే అన్నియు చెందెడివి. మిగిలిపోయిన కార్డులకును పని ఉండెను. బట్టలారవేయునప్పుడు పెట్టు చెక్క క్లిప్పుతో కార్డును సైకిలు చక్రము దగ్గర బిగించినచో, చక్రము తిరుగునప్పుడు పుల్లలు దానికి తగిలి మోటారుసైకిలు వలె టపటప శబ్దము వచ్చెడిది. సాయంకాలము కాగానే కార్డులను పక్షముల వారీగా పేర్చి, రబ్బరు పట్టీలు వేసి, జోళ్ళు వచ్చిన అట్టపెట్టెలో పెట్టి మంచము క్రిందికి త్రోసెడివారు.

ఈ ఆటలో చదువును దాగియుండెను. కార్డు వెనుకనున్న లెక్కలను పిల్లలు కంఠస్థము చేసిరి. బంతి కొట్టువాని సామర్థ్యమును ఒక దశాంశ భిన్నముతో తెలుపుట బేస్‌బాల్ ఆచారము. అతడు విజయవంతముగా కొట్టిన దెబ్బల సంఖ్యను, లెక్కకు వచ్చు అవకాశముల సంఖ్యతో భాగింపవలెను. పది అవకాశములలో మూడు మార్లు కొట్టినవాడు మంచి ఆటగాడు. అతని లెక్క 0.300 అగును. 1941లో టెడ్ విలియమ్స్ అను వీరుడు 456 అవకాశములలో 185 మార్లు కొట్టెను. 185ను 456తో భాగించినచో 0.406 వచ్చును. దశాంశ భిన్నములన్నచో బడిలో ఆవులించిన బాలుడు వీధిమెట్టు మీద వానిని ఉత్సాహముతో సాధించెను.

లెక్కలకు మించిన పాఠమును ఆ పెట్టెలో ఉండెను. అమెరికాలోని ప్రధాన బేస్‌బాల్ పక్షములలో ఆరు దశాబ్దములకు పైగా నల్లజాతివారికి చోటు లేకుండెను. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ పక్షము తరఫున మైదానమున అడుగిడి ఆ గోడను కూల్చెను. అవమానములను ఓర్చి, తన ఆటతోనే ఆయన బదులు చెప్పెను. 1952 నాటి టాప్స్ వరుసలో 311వ కార్డు న్యూయార్కు యాంకీల పక్షమునకు చెందిన తెల్లజాతి యువకుడు మికీ మాంటిల్‌ది. 312వ కార్డు రాబిన్సన్‌ది. దక్షిణ రాష్ట్రములలో నల్లవారు, తెల్లవారు ఒక బడిలో చదువరాదని చట్టములున్న ఆ దినములలో, పిల్లల పెట్టెలో మాత్రము వీరిద్దరును ప్రక్కప్రక్కనే ఉండిరి. సంఖ్యల వరుసకు రంగుల భేదము తెలియదు.

బాల్యము నిలుచునది కాదు. పిల్లవాడు పెరిగెను, పై చదువునకో, ఉద్యోగమునకో, సైన్యములోనికో పోయెను. మంచము క్రింది పెట్టెను అతడే మరచెను. ఒకనాడు తల్లి గది శుభ్రము చేయుచు, దుమ్ము పట్టిన ఆ అట్టపెట్టెను చెత్తబండికి అప్పగించెను. "మా అమ్మ పారవేయకున్నచో నేడు నేను ధనవంతుడనే!" అనునది అమెరికాలో ఒక తరము వారందరును నవ్వుచు, నిట్టూర్చుచు చెప్పుకొను మాట. ఆ తల్లుల తప్పేమియు లేదు. కార్డులు చేసిన కంపెనీకే వాని విలువ తెలియదు. 1952 వరుసలో చివరి కార్డులు ఆటల కాలము ముగియవచ్చుచుండగా వెలువడి, అమ్ముడుపోక గిడ్డంగిలో మిగిలెను. చోటు చాలనందున 1960లో వానిని పడవలో తీసికొనిపోయి అట్లాంటిక్ మహాసముద్రమున పారవేయించితినని బర్జర్ తరువాతి కాలమున చెప్పెను. అట్లు మునిగినవానిలో మాంటిల్, రాబిన్సన్ కార్డులును ఉండెను.

ఇరువది, ముప్పది ఏండ్లు గడచెను. బిడ్డల తండ్రులైన ఆ బాలురకు పాత పెట్టె జ్ఞాపకము వచ్చెను. పోయిన కార్డులకై వారు వెదకసాగిరి. ఈ వేదనకు ఐరోపా భాషలలో 'నోస్టాల్జియా' అని పేరు. 1688లో స్విట్జర్లండు దేశమున యోహానెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి రెండు గ్రీకు పదములను కూర్చి ఈ మాటను సృష్టించెను. మొదటి పదమునకు ఇంటికి మరలివచ్చుట అనియు, రెండవదానికి నొప్పి అనియు అర్థము. ఇల్లు విడిచి పరదేశములలో కొలువు చేయు సైనికులు మొదలగువారికి కలుగు బెంగను ఆయన ఒక వ్యాధిగా వర్ణించెను. కాలక్రమమున ఆ మాట ఊరిపై బెంగకు కాక, గడచిన కాలముపై బెంగకు పేరయ్యెను. ఊరిపై బెంగకు మందు కలదు. బండియెక్కి ఊరు చేరవచ్చును. బాల్యమునకు తీసికొనిపోవు బండి లేదు. కావున మనుష్యుడు బాల్యమున తాకిన వస్తువును మరల తాకి చూడగోరును.

కోరువారు పలువురు, కార్డులు కొద్ది. ధరలు పెరిగెను. అంగళ్ళు వెలసెను. 1979లో జేమ్స్ బెకెట్ అను గణాంకశాస్త్ర ఆచార్యుడు మరొకరితో కలిసి కార్డుల ధరలను పుస్తకముగా ప్రకటించెను. ఒకప్పుడు ఐదు సెంట్లకు పొట్లములో దొరికిన 1952 నాటి మాంటిల్ కార్డులలో చక్కగా నిలిచిన ఒకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను.

ధనము వచ్చిన చోటికి ఆశయు వచ్చును. 1980 తరువాత క్రొత్త కంపెనీలు రంగమున దిగెను. పాత కార్డులు బంగారమైనవి కావున క్రొత్తవియు బంగారమగునని జనులు తలచిరి. పొట్లములు విప్పకయే పెట్టెలకు పెట్టెలు కొని అటకల మీద దాచిరి. తమ పిల్లల పై చదువులకు అవి అక్కరకు వచ్చునని నమ్మిన తండ్రులును ఉండిరి. పిల్లలు సహితము కార్డును వ్రేలితో తాకక, పారదర్శకమైన కవచములో ఉంచి, ధరల పుస్తకము తిరుగవేయసాగిరి. కంపెనీలు అంతు లేకుండ ముద్రించెను. 1994 ఆగస్టులో ఆటగాండ్రు సమ్మె చేయుటచే ఆ సంవత్సరము ఆటలు నడుమనే ఆగిపోయెను. ఆటపై జనుల మక్కువ సన్నగిల్లెను. కార్డుల ధరలు కూలెను. అటకలపై దాచిన పెట్టెలలో పెక్కింటికి కొనిన ధర కూడ రాలేదు.

ఇందులోని రహస్యము సులభమైనది. పాత కార్డులు అరుదైనది వానిని ఎవ్వరును ధనమని దాచనందువలననే. పిల్లలు వానితో ఆడిరి, విసరిరి, చక్రములకు కట్టిరి, మార్చుకొనిరి, పోగొట్టుకొనిరి. కావుననే కొన్నియే మిగిలెను. క్రొత్త కార్డులను అందరును దాచిరి. కావున అన్నియు మిగిలెను. మరియొక భేదమును కలదు. పాత కార్డు వెనుక ఒక వేసవి కలదు, ఒక స్నేహితుడు కలడు, ఒక మెట్టు కలదు. విప్పని పెట్టె వెనుక ఏ జ్ఞాపకమును లేదు.

ధరను ఎన్నడును తలపని ఒక సంగ్రాహకుని చరిత్రతో ఈ కథను ముగించుట ఉచితము. న్యూయార్కు రాష్ట్రములోని సిరక్యూస్ పట్టణమున జెఫర్సన్ బర్డిక్ అను పేద పనివాడుండెను. ఆయన 1900లో జన్మించెను. విద్యుత్ పరికరములు చేయు కార్ఖానాలో పని చేయుచు ఒంటరిగా జీవించెను. కీళ్ళవాతము ఆయన వ్రేళ్ళను వంకరలు చేసెను. అయినను ఆయన తన కొద్దిపాటి జీతముతో బేస్‌బాల్ కార్డులను, అంగళ్ళవారి ప్రకటన చీటీలను, శుభాకాంక్షల కార్డులను, జనులు పారవేయు ముద్రిత కాగితములన్నిటిని సేకరించెను. సామాన్యుల జీవితము ఈ చిల్లర కాగితములలోనే నిలిచియుండునని ఆయన విశ్వాసము. వానినన్నిటిని తరగతులుగా విభజించి, ఒక్కొక్కదానికి అక్షరమును, సంఖ్యను ఇచ్చి గ్రంథము రచించెను. వాగ్నర్ కార్డు గల వరుసను లోకము నేటికిని ఆయన పెట్టిన 'టి 206' అను గుర్తుతోనే పిలుచును.

ఆయన తన సేకరణనంతటిని న్యూయార్కులోని మెట్రోపాలిటన్ కళాప్రదర్శనశాలకు దానముగా ఇచ్చెను. మొత్తము మూడు లక్షలకు పైబడిన కాగితములు. అందు బేస్‌బాల్ కార్డులే 30,000కు మించియుండెను. ఆయన స్వయముగా ఆ శాలలో ఒక బల్ల ముందు కూర్చుండి, ఏండ్ల తరబడి, నొప్పితో వణకు చేతులతో, ఒక్కొక్కదానిని పెద్ద పుస్తకములలో జిగురుతో అంటించెను. 1963 జనవరిలో ఆ పని ముగిసెను. అదే సంవత్సరము మార్చిలో ఆయన కన్నుమూసెను.

జిగురు తగిలిన కార్డునకు ధర తగ్గునని నేటి వర్తకులు చెప్పుదురు. బర్డిక్ వానిని అమ్మదలచలేదు కావున ఆ చింత ఆయనకు లేదు. లక్షల డాలర్ల వాగ్నర్ కార్డును ఆయన పుస్తకములలో కలదు. పేరు కూడ ఎవ్వరికిని గుర్తు లేని సామాన్య ఆటగాండ్ర కార్డులను అంటించిన ఆ జిగురుతోనే, అదే శ్రద్ధతోనే, ఆయన దానిని కూడ అంటించెను. ఒకనాడు ఎవరో ఒక బాలుడు "ఇది లేదు!" అని సంతోషముతో కేక వేసిన ముక్కలే అవన్నియు.